మ్యాథ్స్ పీహెచ్‌డీ: గైడ్‌ని ఎంచుకునే ముందు

అమెరికాలో మ్యాథ్స్ పీహెచ్‌డీలో చేరబోతున్న మన పిల్లలు ఎక్కువగా అడిగేది క్వాలిఫైయింగ్ పరీక్షల గురించి, అంటే పీహెచ్‌డీలో కొనసాగాలంటే పాసవ్వాల్సిన పరీక్షలు. ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, టోపాలజీ లాంటి సబ్జెక్టుల్లో రాయాలి. చాలా చోట్ల రెండో ఏడాది ముగిసేలోపు గట్టెక్కాలి. ఎమ్మెస్సీలో ఇవి బాగా చదివి వచ్చినవాళ్లు చేరగానే పెట్టే పరీక్షకే కూర్చోవడం మంచిది. కొత్తవాళ్లు ఆ మొదటిసారి తప్పినా లెక్కలోకి తీసుకోని డిపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. మీ దగ్గర రూలేంటో ముందే మెయిల్ రాసి కనుక్కోండి. పాత పేపర్లు సాధారణంగా డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. పాసైతే చాలు, తర్వాత ఆ మార్కులు ఎవరూ అడగరు. ఇంటర్ నుంచీ ర్యాంకుల మధ్యే పెరిగిన మనకు ఇది ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు.

అసలు బుర్ర పెట్టాల్సింది గైడ్ విషయంలో. ఇక్కడ అడ్వైజర్ అంటారు. మ్యాథ్స్‌లో ఎక్కువమంది చేరాక, రెండో ఏడాదికి అటూఇటూగా వెతుక్కుంటారు. పెద్ద పేరుందని ఎవరి వెంటా పడకండి. ఆయన దగ్గర చేసినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు, అది చూడండి. ఎవరి దగ్గర ఎవరు ఏ ఏడాది డాక్టరేట్ తీసుకున్నారో మ్యాథమెటిక్స్ జీనియాలజీ ప్రాజెక్ట్ సైట్‌లో ఉంటుంది. ఇప్పుడున్న స్టూడెంట్స్‌ని కాఫీకి పిలిచి, ఆయన వారానికోసారైనా కలుస్తారా, రాసిచ్చింది చదువుతారా అని అడగండి. సీనియర్లు మెయిల్లో చెప్పనివి కాఫీ దగ్గర చెబుతారు. ఆ తర్వాత ఒక సెమిస్టర్ ఆయన దగ్గర రీడింగ్ కోర్సు (ఆయన చెప్పిన పుస్తకమో పేపర్లో చదివి ఆయనతో చర్చించడం) చేయండి. పొసగకపోతే అక్కడితో ఆపేయొచ్చు. టెన్యూర్ (ఉద్యోగం పర్మనెంట్ కావడం) ఇంకా రాని కుర్ర ప్రొఫెసరైతే, మధ్యలో వేరే యూనివర్సిటీకి మారితే మీ సంగతేంటో మొహమాటం లేకుండా అడగాలి.

సెమినార్లలో కూడా మన మొహమాటమే మన కొంప ముంచుతుంది. అర్థం కాకపోయినా తలూపుతూ కూర్చుంటాం. ముందు వరసలో ఉన్న పెద్ద ప్రొఫెసర్లేమో ఏమాత్రం సిగ్గుపడకుండా ఆ డెఫినిషన్ మళ్లీ చెప్పమంటారు.

ఇక డబ్బు సంగతి. టీఏ (టీచింగ్ అసిస్టెంట్‌గా పాఠాలు చెప్పడం, పేపర్లు దిద్దడం లాంటి పని) ఇస్తే మామూలుగా ఫీజు మాఫీ, పైన స్టైపెండ్. పని వారానికి 20 గంటల దాకా ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో అంతకు మించి చేయకూడదు, కాబట్టి పక్కన లైబ్రరీలో ఇంకో ఉద్యోగం అనే ఆలోచన మానుకోండి. చాలా ఆఫర్లు తొమ్మిది నెలలకే ఉంటాయి. వేసవిలో ఏం తినాలో ఒప్పుకునే ముందే అడగండి.

ఇంట్లోవాళ్లకు ఐదారేళ్లు పడుతుందని మొదటే చెప్పేయండి, ప్రతి పండక్కీ టెన్షన్ తప్పుతుంది. చివరికి ప్రొఫెసర్ ఉద్యోగం వద్దనిపిస్తే ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 మీదే అమెరికాలో ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, మ్యాథ్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందికి వస్తుంది కనక ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఫైనాన్స్, టెక్ కంపెనీలు మ్యాథ్స్ వాళ్లను తీసుకుంటాయి గానీ, ప్రోగ్రామింగ్ కూడా చూస్తాయి. ఏదో ఒక వేసవిలో పైథాన్ నేర్చేసుకోండి.