టెక్ సందేహాలు: ఒకే సౌండ్‌ట్రాక్, ఇన్ని ఆల్బంలా?

ప్రశ్న: హాలీవుడ్ సినిమా ‘జాస్’ సౌండ్‌ట్రాక్ కొందామని వెతికితే నాలుగు రకాలు కనిపించాయి. ఒకటి 35 నిమిషాలే ఉంది, ఇంకోటి రెండు సీడీలు. పాతదానికే నాలుగు ట్రాకులు కలిపి మళ్లీ మళ్లీ అమ్ముతున్నారా? ఏది కొనాలి? – పాఠకుడు, విజయవాడ

ఇక్కడ రికార్డింగులే వేరు. 1975లో ఎంసీఏ కంపెనీ తెచ్చిన ఎల్పీ రికార్డులో ఉన్నది సినిమాలో విన్న రికార్డింగు కాదు. సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఆ సంగీతాన్ని విడిగా వినడానికి అనువుగా మలిచి, ఆల్బం కోసం ఆర్కెస్ట్రాతో మళ్లీ వాయించారు. సినిమా కోసం వాయించిన అసలు ట్రాకులు 2000లో డెక్కా కంపెనీ సీడీగా వచ్చాయి. అదే ఏడాది వరీజ్ సారబాండ్ సంస్థ కండక్టర్ జోయెల్ మెక్‌నీలీ నిర్వహణలో రాయల్ స్కాటిష్ నేషనల్ ఆర్కెస్ట్రాతో మొత్తం కొత్తగా వాయించిన ఆల్బం వేసింది. 2015లో ఇంట్రాడా సంస్థ రెండు సీడీల సెట్‌లో సినిమా రికార్డింగునూ, 1975 ఆల్బంనూ కలిపి ఇచ్చింది. ఒక్కటే కొనాలంటే నా ఓటు దీనికే.

ఒక మాట జాగ్రత్త. మన సినిమావాళ్లు ‘రీరికార్డింగ్’ అంటే నేపథ్య సంగీతం అని అర్థం. ఇలాంటి సీడీల వెనక అదే మాట కనిపిస్తే, సినిమాలోది కాకుండా తర్వాత మళ్లీ వాయించినదని అర్థం. పూర్తి విరుద్ధం! ఈ ఒక్క మాట దగ్గర పొరబడితే వద్దనుకున్న సీడీయే ఇంటికొస్తుంది.

కొనేముందు వెనక అట్ట ఫొటో అడగండి. ఆర్కెస్ట్రా పేరు, నిర్వాహకుడి పేరు, ఎక్కడ రికార్డు చేశారన్నది చూడండి. వలయంలో ‘పీ’ గుర్తు పక్కనుండే ఏడాది రికార్డింగుకు సంబంధించింది, ‘సీ’ గుర్తు పక్కనున్నది అట్టకు, రాతకు సంబంధించింది. రీమాస్టర్ చేసినప్పుడు, అంటే పాత రికార్డింగు ధ్వనిని సరిదిద్ది మళ్లీ తెచ్చినప్పుడు, ‘పీ’ ఏడాది కూడా మార్చేస్తుంటారు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో సరిచూసేటప్పుడు బార్‌కోడ్ సరిపోతే చాలదు, డిస్కు అడుగున మధ్య రంధ్రం చుట్టూ చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు కూడా సరిపోవాలి. ఒకే బార్‌కోడ్‌తో వేర్వేరు ముద్రణలు ఉంటాయి.

పాత హాలీవుడ్ సీడీలు చాలావరకు 30 నిమిషాలకే ఎందుకు ఆగిపోతాయని మీరే తర్వాత అడుగుతారు. లాస్ ఏంజెలెస్‌లో యూనియన్ వాయిద్యకారులతో చేసిన రికార్డింగును ఆల్బంగా తేవాలంటే వాళ్లకు మళ్లీ ఫీజు కట్టాలి. నిడివి పెరిగితే ఖర్చు పెరుగుతుంది. 80, 90 దశకాల్లో చిన్న కంపెనీలు అందుకే అరగంట దగ్గర ఆపేశాయి. సీడీలో చోటు లేక కాదు.

ప్రశ్న: నా దగ్గర ఒకే స్కోరు (సినిమా నేపథ్య సంగీతం) 1980ల నాటి సీడీ, కొత్త రీమాస్టర్ సీడీ రెండూ ఉన్నాయి. కొత్తది బాగున్నట్టే అనిపిస్తోంది. నిజంగా తేడా ఉందో లేదో తేల్చేదెలా? – పాఠకురాలు, హన్మకొండ

‘బాగుంది’ అనిపించేది చాలాసార్లు ‘గట్టిగా ఉంది’ అనే. ఒక డెసిబెల్ ఎక్కువున్నా చెవి దానికే ఓటేస్తుంది. ముందు రెండింటినీ సరిగ్గా కాపీ చేయండి.

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వాడండి. రెండూ ఉచితం. తప్పులు సరిచూసుకుంటూ చదివే సెక్యూర్ మోడ్ పెట్టి, ఇతరుల కాపీలతో పోల్చే యాక్యురేట్‌రిప్ ద్వారా మీ డ్రైవు రీడ్ ఆఫ్‌సెట్ (చదవడం మొదలుపెట్టే చోటులో తేడా) సెట్ చేసి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లుగా దించుకోండి. లాగ్ ఫైలు తీసేయకండి, మీ కాపీ సరైనదనడానికి రుజువు అదే.

తర్వాత ఆడియో ఎడిటర్ ఆడాసిటీలో రెండు సీడీల నుంచి ఒకే ట్రాక్ తెరవండి. ఆరంభంలో ఏదైనా గట్టి దెబ్బ, టింపనీయో తాళమో, దగ్గర శాంపిళ్లు (ధ్వని కొలతలు) చుక్కలుగా కనిపించేదాకా జూమ్ చేసి రెండింటినీ ఒకే చుక్క మీదికి జరపండి. ఒకదాన్ని ఎంచుకుని ఎఫెక్ట్ మెనూలో ఇన్వర్ట్ నొక్కండి, ఆ అల తలకిందులవుతుంది. రెండూ కలిపి ఎంచుకుని ‘మిక్స్ అండ్ రెండర్’ చేయండి. ఒకేలా ఉన్నదంతా రద్దయిపోయి తేడా మాత్రమే మిగులుతుంది.

పూర్తి నిశ్శబ్దం మిగిలితే రెండు సీడీల్లో ఉన్నది అదే డేటా, కొత్త అట్టకు డబ్బు పెట్టారన్నమాట. సంగీతమంతా ఒకే తీరులో సన్నగా మిగిలితే శబ్ద స్థాయిలో మాత్రమే తేడా ఉండొచ్చు, ఒకదాన్ని యాంప్లిఫైతో సరిచేసి మళ్లీ చూడండి. మొదట్లో దాదాపు నిశ్శబ్దంగా ఉండి పోనుపోను శబ్దం పెరుగుతుంటే, టేపును రెండుసార్లు విడివిడిగా డిజిటల్‌లోకి ఎక్కించారు. టేపు వేగం రెండుసార్లూ అచ్చంగా ఒకటే ఉండదు. ఇన్వర్ట్ చేశాక శబ్దం తగ్గకపోగా రెట్టింపైతే ఒక సీడీ పొలారిటీ (అల పైకీ కిందికీ వెళ్లే దిశ) తిరగబడి ఉంది. ఇన్వర్ట్ తీసేసి కలపండి. కుడి, ఎడమ చానెళ్లు తారుమారైన సీడీలూ ఉంటాయి కాబట్టి అదీ ఒకసారి చూసుకోండి.

మళ్లీ ఆ టింపనీ దెబ్బ దగ్గరికే వెళ్లండి. పాత సీడీలో అల కొన మొనదేలి ఉంటుంది. కొత్తదాంట్లో అదే కొన నాలుగైదు శాంపిళ్ల పొడవున కత్తితో కోసినట్టు చదునుగా కనిపిస్తే, శబ్దం పెంచడానికి, కొనలను అణిచే లిమిటర్‌తో నొక్కేశారు. ఆర్కెస్ట్రా సంగీతంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. పియానిస్సిమో (అతి మెల్లని ధ్వని) నుంచి పతాకస్థాయికి ఎక్కే ఆ ఎత్తే స్కోరుకు ప్రాణం.

చివరి తీర్పు మాత్రం చెవులదే. ఫూబార్2000 ప్లేయర్‌లో రెండు ట్రాకులకూ శబ్ద స్థాయిని సమం చేసే రీప్లేగెయిన్ స్కాన్ చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తించమనే ఏబీఎక్స్ కంపారేటర్‌లో రీప్లేగెయిన్ ఆన్ చేయండి. 16 సార్లు వినండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెబితే తేడా మీకు వినిపిస్తున్నట్టే. గుడ్డిగా చెప్పి 12కు తగ్గకుండా కొట్టే అవకాశం దాదాపు 4 శాతమే.

మీది 1980ల సీడీ అంటున్నారు కాబట్టి ఇంకో సంగతి. ఆ కాలపు కొన్ని డిస్కుల్లో, ముఖ్యంగా జపాన్ ముద్రణల్లో, ప్రీ-ఎంఫసిస్ ఉంటుంది. అంటే పైస్థాయి ధ్వనులు పెంచి రికార్డు చేస్తారు, సీడీ ప్లేయరు వాటిని తగ్గించి వినిపిస్తుంది. కంప్యూటర్‌లోకి దించినప్పుడు ఆ తగ్గించడం జరగదు. వయొలిన్లు, తాళాలు చెవుల్లో గుచ్చుకుంటాయి. ‘పాత సీడీలు కరుకు’ అన్న అపవాదులో దీని వాటా చాలానే ఉంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ట్రాకుల పట్టికలో ప్రీ-ఎంఫసిస్ గడి చూడండి. కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు డిస్కు విషయసూచికలో లేకుండా ట్రాకులతో పాటు ఉండే అదనపు సమాచారం (సబ్‌కోడ్)లోనే ఉంటుంది కాబట్టి అక్కడ ‘లేదు’ అన్నా అనుమానం ఉంచుకోండి. సాక్స్ (SoX) అనే ఆడియో ప్రోగ్రాంలోని డీ-ఎంఫసిస్ ఎఫెక్ట్‌తో సరిచేశాకే రీమాస్టర్‌తో పోల్చండి.

ప్రశ్న: ఫ్లాక్ అని అమ్మిన ఫైలు ఎంపీ3 నుంచి మార్చింది కాదని ఎలా తెలుస్తుంది? – పాఠకుడు, డాలస్

ధ్వనిని బొమ్మగా చూపే స్పెక్ ప్రోగ్రాంలో తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు అడ్డంగా తెగిపోతే 128 కేబీపీఎస్ ఎంపీ3 మూలం కావచ్చు. 20 దగ్గర తెగితే 320. పాత టేపు రికార్డింగుల్లో పైస్థాయి క్రమంగా పలచబడుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అని ఎక్కువ ధరకు కొన్నదాంట్లో 22 పైన అంతా ఖాళీగా ఉంటే అది సీడీ మాస్టర్‌ను ఉబ్బించిందే అయ్యుండొచ్చు.

15.7 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ చివర నుంచి ఈ చివర దాకా సన్నటి గీత కనిపిస్తే అది అమెరికా పద్ధతి పాత టీవీ మానిటర్ల కూత. తెరపై బొమ్మ చూస్తూ వాయించినప్పుడు మైకుల్లోకి దూరుతుంది. ఫైలు లోపం కాదు, వదిలేయండి.

ప్రశ్న: పికార్డ్ ప్రోగ్రాంతో పాటల ఫైళ్లకు ట్యాగులు (పేరు, ఆల్బం వివరాలు) పెడితే రెండు వేర్వేరు ఎడిషన్లు ఒకే ఆల్బంలో కలిసిపోయాయి. – పాఠకుడు, గుంటూరు

‘స్కాన్’ నొక్కి ఉంటారు. అది ధ్వని వేలిముద్రతో పోలుస్తుంది. ఒకే రికార్డింగు రెండు మాస్టరింగులకూ వేలిముద్ర ఒకటే రావచ్చు. ‘లుకప్ సీడీ’ పక్కనున్న బాణం నొక్కి సీడీ కాపీ చేసినప్పటి మీ లాగ్ ఫైలు ఇవ్వండి, ట్రాకుల నిడివిని బట్టి ఆ డిస్కుకు సరిపోయే ఎడిషన్లే చూపిస్తుంది. తర్వాత ఆల్బం పేరు చివర ఏడాది, లేబుల్ మీరే చేర్చండి. పేరు ఒకేలా ఉన్నంతకాలం ఫోన్ ప్లేయరు కలుపుతూనే ఉంటుంది.

ప్రశ్న: 1990లో ఇంగ్లండ్‌లో తయారైన సీడీ అంచుల నుంచి గోధుమ రంగులోకి మారుతోంది. తుడిస్తే పోతుందా? – పాఠకుడు, విశాఖపట్నం

పోదు. అడుగున మధ్య వలయం దగ్గర ‘పీడీఓ’ అని తయారీ సంస్థ పేరు ఉందేమో చూడండి. సుమారు 1988 నుంచి 1993 దాకా ఇంగ్లండ్‌లోని ఆ సంస్థ బ్లాక్‌బర్న్ ప్లాంటులో తయారైన డిస్కుల్లో రక్షణ పూత సరిపోలేదు. అట్ట కాగితాల్లోని గంధకం లోపలి లోహపు పొరను తినేస్తుంది. ఆఖరి ట్రాకులు ముందు పోతాయి, ఎందుకంటే సీడీ లోపలి నుంచి బయటికి రాసి ఉంటుంది. ఈ వారమే సెక్యూర్ మోడ్‌లో తక్కువ వేగంతో కాపీ చేయండి. చివరి ట్రాక్‌తో మొదలుపెట్టండి. బుక్‌లెట్‌ను విడిగా తీసి, డిస్కును కాగితం లేని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి.