గాలం దారం నేర్పిన పాఠం: ఫ్లమెంకో గిటార్‌కి ఏ తీగలు?

ఫ్లమెంకో అంటే స్పెయిన్ వాళ్ల సంగీతం. ఆ గిటార్‌కి నైలాన్ తీగలు మంచివా, కార్బన్ తీగలా, ధ్వనిలోనూ వేలికి తగలడంలోనూ తేడా నిజంగా తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుంది. నాకైతే మైపాడులో, మా బావ గృహప్రవేశం నాడు తెలిసింది.

మాది నెల్లూరు. నా గిటార్ సైప్రస్ అనే చెట్టు చెక్కతో చేసింది. మా బాబాయి కొడుకు స్పెయిన్ నుంచి వస్తూ తెచ్చాడు. ఆ రోజు రాత్రి డాబా మీద వాయిస్తానని ఒప్పుకున్నాను. మధ్యాహ్నం శ్రుతి చేస్తుంటే మొదటి తీగ బ్రిడ్జి దగ్గర, అంటే తీగలు కట్టే చెక్క దగ్గర, టప్పున తెగింది. ఇంకో సెట్ వెంట తెచ్చుకోని తెలివి నాది.

నెల్లూరికి పాతిక కిలోమీటర్లు. పోవడానికి అరగంట, పోయి ఏం చేయాలి? అంతకుముందు ఒక షాపులో నైలాన్ తీగలు అడిగితే "గిటార్ తీగలన్నీ ఒకటే సార్" అని స్టీల్ సెట్ చేతిలో పెట్టారు. నైలాన్ సెట్ మొత్తం లాగేది నలభై కిలోల దరిదాపుల్లో. మామూలు స్టీల్ సెట్ డెబ్బై దాటుతుంది. పల్చటి చెక్కతో చేసిన ఫ్లమెంకో గిటార్‌కి అది బిగిస్తే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. గిటార్లు అమ్మేవాళ్లకే ఇది తెలియకపోతే కొనేవాడి గతి ఏం కావాలి?

మా బావే దారి చూపించాడు. వాళ్ల పక్కింట్లో పడవాయన ఉన్నాడు. గాలానికి వాడే ఫ్లోరోకార్బన్ దారం తెచ్చిచ్చాడు, 0.60 మి.మీ. అని చుట్ట మీదే రాసుంది. కార్బన్ తీగ అని మనం కొనేది కూడా ఈ ఫ్లోరోకార్బనే. నైలాన్‌లో మొదటి తీగ 0.71 మి.మీ. ఉంటుంది కాబట్టి ఇది మరీ సన్నం అనుకున్నాను. కానీ ఫ్లోరోకార్బన్ నైలాన్ కన్నా బరువైన పదార్థం, సన్నగా ఉన్నా అదే శ్రుతికి వస్తుంది. అయితే జారుడు ఎక్కువ. నేను వేసిన ముడి రెండుసార్లు ఊడింది. చివరికి పడవాయనే కూర్చుని, కొస కాల్చి ఉండ చేసి, గాలానికి వేసే ముడి వేసి ఇచ్చాడు. అది ఊడలేదు.

రాత్రి వాయించాను. మిగతా ఐదు తీగలూ పాతవి, కొత్తది ఒక్కటే. ఐదుగురు మాట్లాడుకుంటుంటే ఒకడు మైకు పట్టుకున్నట్టుంది. నాలుగు వేళ్లతో వరసగా మీటి కిందికి దించినప్పుడల్లా ఆ తీగే ముందుకొచ్చి పలుకుతుంది. పికాడో, అంటే రెండు వేళ్లు మార్చిమార్చి ఒక్కో స్వరం మీటడం, వేస్తే మాత్రం ప్రతి స్వరం విడివిడిగా, గాజుముక్కలా వినపడింది. వేలికి కోసినట్టుంది, గోరు జారిపోతుంది. మా నాయనమ్మ వెనక కూర్చుని "ఏందిరా, ఆ ఒక్క తీగ అట్టా అరస్తుండాది?" అంది. యూట్యూబ్‌లో తీగలు పోల్చే వీడియోలు వంద చూసినా రాని తెలివి ఆ ఒక్క మాటతో వచ్చింది. ఆ వీడియోలు ఫోన్ స్పీకర్‌లో విని ఇది మెత్తన, అది పదును అని తేల్చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వీణ నేర్చుకున్న మా అత్త కూడా అక్కడే ఉంది. ఆమె తీగ సంగతి పట్టించుకోలేదు, "తోడి వాయిస్తున్నావేంది?" అని అడిగింది. ఫ్లమెంకోకి ఆధారమైన ఫ్రిజియన్ వరస మన హనుమతోడి స్వరాలే. అందులో గాంధారం పైకి జరిపితే వకుళాభరణం, ఫ్లమెంకో వాళ్లు ఆ రెండింటి మధ్య అటూ ఇటూ పోతుంటారు. ఈలోపు పిల్లలు సినిమా పాట కొట్టమన్నారు, అది వేరే గొడవ.

నా అభిప్రాయం అడిగితే, కార్బన్ మూడో తీగకి పెట్టండి, మిగతావాటికి వద్దు. చుట్టు లేని ఉత్త నైలాన్ తీగలు మూడింట్లో మూడోదే లావు, మొద్దుగా మూగగా పలుకుతుంది. అక్కడ కార్బన్ ఔషధంలా పనిచేస్తుంది. ఒకటీ రెండూ నైలానే ఉండనివ్వండి. ఫ్లమెంకోలో పదును గిటార్ చెక్కలోంచి, గోళ్లలోంచి రావాలి. తీగ కూడా పదునైతే చెవికి విసుగు.

హార్డ్ టెన్షన్, అంటే బిగువు ఎక్కువుండే తీగలు, కొనమని సలహా ఇచ్చేవాళ్లు బోలెడు మంది. ఫ్లమెంకో గిటార్‌లో తీగలు మెట్లకి దగ్గరగా ఉంటాయి కాబట్టి గట్టిగా మీటితే మెట్లకి తగిలి ఝర్రుమంటాయి, హార్డ్ టెన్షన్ అయితే తీగ తక్కువ ఊగుతుంది, ఆ చప్పుడు తగ్గుతుంది. నిజమే. కానీ కాస్త ఝర్రుమనకపోతే అది ఫ్లమెంకోనా? నేను డాడారియో కంపెనీ ఇ.జె.46 హార్డ్ సెట్ వాడి, నెల తిరక్కుండానే ఇ.జె.45 నార్మల్‌కి వచ్చేశాను. నా ఎడమచేతి చిటికెన వేలు నాకు దండం పెట్టింది. లా బెల్లా కంపెనీ 820 సెట్‌లో ఎర్ర నైలాన్ వస్తుంది, నాకు దాని ధ్వని కన్నా రంగే ఎక్కువ నచ్చింది, దాచుకోవడం ఎందుకు.

అసలు నైలానే ఈ వాద్యానికి నిన్నగాక మొన్న వచ్చింది. 1940ల దాకా పేగు తీగలే. రెండో ప్రపంచ యుద్ధంలో పేగంతా ఆపరేషన్ కుట్లకి పోతే, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే ఆయన స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియాతో కలిసి నైలాన్ తీగ పట్టుకొచ్చాడు. అందుకని గాలం దారం కట్టానని ఎవరైనా నవ్వితే నేను పెద్దగా పట్టించుకోను.

మీరు ఏ కంపెనీ కొన్నా బేస్ తీగల గురించి, అంటే మంద్రంగా పలికే నాలుగు, ఐదు, ఆరో తీగల గురించి, ఒక మాట. అవి నైలాన్ పోగుల మీద వెండిపూత రాగి తీగ చుట్టినవి. మన ఉప్పు గాలికి, చేతి చెమటకి నల్లబడి మూడు వారాల్లో చచ్చిపోతాయి. వాయించాక పొడి గుడ్డతో తుడవండి. వాటిలో నాలుగోది అన్నిటికన్నా ముందు అరుగుతుంది, మెట్ల దగ్గర చుట్టు తెగిపోతుంది. సెట్ ఆర్డర్ పెట్టేటప్పుడే నాలుగో తీగ విడిగా రెండు తెప్పించుకోండి.