పుట్టింటికి వచ్చే ముందు చదువు

అమ్మలూ,

ఏడో నెలలో పుట్టింటికి వస్తున్నావనీ, ఆఫీసు పని కూడా వెంట తెచ్చుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ముచ్చటేసింది. కానీ నువ్వొచ్చేది వానాకాలం. మంచినీళ్ల పైపులో మురుగు కలిసే రోజులు. ఆ నీళ్లతో వచ్చే కామెర్ల గురించే నా భయమంతా.

ఐరన్ మాత్రలు మానకు. పానీపూరీ ఊసెత్తకు. ‘ఇద్దరి తిండి తిను’ అంటే నమ్మకు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి రోజుకి అదనంగా కావాల్సింది 350 కేలరీలు. రెండిడ్లీలు, ఓ గుడ్డు, గ్లాసు పాలు, దాదాపు అంతే. పాలిచ్చే మొదటి ఆరు నెలలూ 600. పూటకో సున్నుండ లాగిస్తే మిగిలిందంతా కొవ్వై కాలేయంలోనూ పేరుకుంటుంది. తల్లికి బరువూ సుగరూ పెరిగితే బిడ్డ కాలేయానికీ ఆ ముప్పుంది. గుడ్డులో పచ్చసొన మాత్రం పారేయకు. కాలేయంలోంచి కొవ్వుని బయటికి పంపడానికి కావాల్సిన కోలిన్ అందులో బాగా ఉంది. రక్తం పడుతుందని వారం వారం మేక కార్జం వండుతారేమో, వద్దను. అందులో విటమిన్-ఎ కడుపులో బిడ్డకి మితిమీరుతుంది. వేరుశనగ గుళ్లు చేటలో పోసి ఏరు. ముడుచుకున్నవీ బూజు పట్టినవీ పారెయ్, వేయించినా ఆ బూజు వదిలిన విషం పూర్తిగా పోదు.

ఇక నీళ్లు. కాలేయానికి సోకి కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఇ వైరస్ మన దగ్గర ఎక్కువగా వచ్చేది వీటితోనే. తెర్లాక ఇంకో నిమిషమైనా మరగనిచ్చి, మూత ఉన్న బిందెలో చల్లార్చు. చెయ్యి ముంచకు, పొడుగు కాడ గరిటెతో తీసుకో. తాగే నీళ్లు కాచి, పచ్చడి జారుగా ఉండాలని పచ్చినీళ్లు పోస్తారు చూడు, అక్కడే దెబ్బతింటారు. మజ్జిగా అంతే, చెరుకురసంలో ఐసూ అంతే.

కళ్లు పచ్చబడితే మనవాళ్లు చేసే పాత తప్పు ఒకటుంది. పసరు పోయించి, ఉప్పూ నూనే మాన్పించి, చప్పిడి గంజితో వారం కూర్చోబెడతారు. మామూలు మనిషికి ఆ కామెర్లు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. చివరి మూడు నెలల గర్భిణి సంగతి వేరు. నూటికి ఇరవై, పాతిక మంది దాకా ప్రాణాలు పోగలవు. దెబ్బతిన్న కాలేయం చక్కెర నిలవ చేయలేదు, పైగా కడుపు మాడిస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. పగలంతా మత్తు, పొంతన లేని మాటలు, చిగుళ్ల నుంచి రక్తం, ఇవి కనిపించేసరికి పోయిన వారం తిరిగి రాదు. కన్ను పచ్చబడ్డ రోజే ఆసుపత్రికి వెళ్లి బిలిరుబిన్ (కామెర్లు ఎంతున్నాయో), పీటీ-ఐఎన్ఆర్ (రక్తం సరిగా గడ్డకడుతోందో లేదో) పరీక్షలు చేయించాలి. తిప్పతీగ కషాయమూ వద్దు, దానివల్లే కాలేయం పాడైనవాళ్లున్నారు. మీ నాయనమ్మ అలిగితే అలగనీ.

దద్దుర్లేమీ లేకుండా రాత్రిళ్లు అరిచేతులూ అరికాళ్లూ దురదపెడితే ‘వేడి చేసింది’ అని సబ్జా నీళ్లు తాగి ఊరుకోకు. కాలేయంలో ఊరే పైత్యరసం రక్తంలో చేరినా అలాగే ఉంటుంది, బిడ్డకి ప్రమాదం. బైల్ యాసిడ్స్ పరీక్ష అడుగు.

కాన్పయ్యాక పథ్యమంటూ నీళ్లు కట్టేయనివ్వకు తల్లీ, దాహమైనప్పుడల్లా తాగు. బిడ్డ ఒళ్లు పచ్చబడితే నీ తిండిని తిట్టేవాళ్లుంటారు, ఏడవకు. డాక్టరుకి చూపించి, రోజుకి 8 నుంచి 12 సార్లు పాలివ్వు, ఆ పచ్చదనం విరేచనంతో పోతుంది. గుడ్డ విప్పినప్పుడల్లా రంగు చూడు. మొదటి రోజుల నల్ల విరేచనం పోయాక పసుపుగా ఉండాలి. సుద్దలా తెల్లగా ఉంటే ఆ రోజే పరుగెత్తు. పైత్యనాళం మూసుకుపోయిన బిడ్డకి 60 రోజుల లోపు ఆపరేషనైతేనే మంచి ఫలితం.

మూత బిందెలు రెండు కొనమని మీ అమ్మకి చెప్పాను. గరిటె నేను తెస్తాను.

– పెద్దమ్మ