హీటింగ్ పైపులు టక్కుటక్కుమంటుంటే గాలి తీస్తూ కూర్చోకండి

"ఇంగ్లండులో పాత ఇల్లు కొన్నాం. హీటింగ్ వేసిన పది నిమిషాలకు పైఅంతస్తు నేల కింద టక్కు టక్కుమని చప్పుడు మొదలవుతుంది, ఆపేశాక ఇంకో అరగంట అదే వరస. రేడియేటర్లలో గాలి రెండుసార్లు తీసినా తగ్గలేదు, ఏం చేయాలి?" అని కదా మీ ప్రశ్న.

తగ్గదండీ. ఈ హీటింగ్‌లో బాయిలర్ కాచిన నీళ్లు పైపుల్లో తిరిగి గదుల్లోని రేడియేటర్లను వెచ్చబెడతాయి. వాటిలో చిక్కుకున్న గాలి చేసే చప్పుడు గుడగుడ. అప్పుడు రేడియేటర్ పైభాగం చల్లగా, అడుగు వేడిగా ఉంటుంది. కెటిల్ మరిగినట్టు మోత బాయిలర్ దగ్గరే వస్తుంటే లోపల సున్నం గార కట్టిందని అనుమానించాలి, అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్డ్ ఇంజనీరు (గ్యాస్ పనికి అక్కడ అధికారికంగా నమోదైన మనిషి) పని, మీరు మూత విప్పకూడదు. మీ టక్కుటక్కు ఈ రెండూ కాదు. ఎండకు రేకుల షెడ్డు టపటపలాడి, పొద్దు వాలాక చల్లబడుతూ మళ్లీ మోగుతుంది చూడండి, అచ్చం అదే. 10 మీటర్ల రాగి పైపు 15 డిగ్రీల నుంచి 70కి వేడెక్కితే సుమారు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే చెక్కను పట్టుకుని బిగుసుకుపోయి, ఒక్కసారిగా జారుతుంది. ఆ జారుడే మీకు వినబడేది.

ఏ చప్పుడుకైనా "గాలి తీయండి" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. గాలి తీసినప్పుడల్లా ప్రెషర్ పడిపోతుంది, మళ్లీ కొత్త నీళ్లు నింపాలి. కొత్త నీటితో ఆక్సిజన్ లోపలికి పోతుంది, తుప్పు ఆపే ఇన్హిబిటర్ పలచనవుతుంది. మీరు రెండుసార్లు తీశారు కాబట్టి, హీటింగ్ చల్లగా ఉన్నప్పుడు బాయిలర్ ప్రెషర్ గేజ్ ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉందో లేదో ముందు చూసుకోండి.

మొదటి మందుకు పైసా ఖర్చు లేదు. బాయిలర్ మీద రేడియేటర్ బొమ్మ ఉన్న నాబ్‌ను 60 డిగ్రీలకి, చలి మరీ లేని రోజుల్లో 55కి దించండి. కాంబీ బాయిలర్ (హీటింగ్‌కీ కుళాయికీ రెండిటికీ తానే నీళ్లు కాచేది) అయితే కుళాయి బొమ్మ ఉన్నది వేడినీళ్లది, దాని జోలికి పోవద్దు. విడిగా వేడినీళ్ల సిలిండర్ ఉంటే మాత్రం రేడియేటర్ నాబ్‌ను 65 కంటే దించకండి. సిలిండర్లో నీళ్లు 60కి చేరకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా భయం. వేడి తగ్గితే పైపు సాగేదీ తగ్గుతుంది, అదీ నెమ్మదిగా. ఇల్లు వెచ్చబడటం ఆలస్యమవుతుంది కాబట్టి హీటింగ్ అరగంట ముందే మొదలయ్యేలా టైమర్ పెట్టండి. గ్యాసూ మిగులుతుంది. కండెన్సింగ్ బాయిలర్ (పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడినీ వాడుకునేది) తన పని తాను చేయాలంటే తిరిగొచ్చే నీళ్లు 55 లోపు ఉండాలి. అంత డబ్బు పోసి కొన్న బాయిలర్‌ను బిగించినవాళ్లు 75 దగ్గర వదిలేసి పోతారు, ఇంటివాళ్లు ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోరు!

అప్పటికీ మోగుతుంటే చోటు వెతకాలి. పొద్దున ఇల్లు చల్లగా ఉండగా ఒకరు హీటింగ్ వేయండి, ఇంకొకరు పైన నేల మీద పడుకుని స్క్రూడ్రైవర్ మొన పలక మీద, పిడి చెవికి ఆనించి వినండి. చప్పుడు గట్టిగా ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టండి. రేడియేటర్ కింద పైపు నేలలోంచి పైకొచ్చే కంత ముందు చూడండి. 15 మిల్లీమీటర్ల పైపుకి కంత కూడా 15 ఉంటే దొరికినట్టే. గుండ్రటి ఆకురాయితో 20 దాకా పెద్దది చేసి, పైన ప్లాస్టిక్ కాలర్ వేస్తే కనబడదు. రేడియేటర్ వేలాడే బ్రాకెట్లలో ప్లాస్టిక్ ముక్కలు ఊడిపోయినా ఇదే చప్పుడు.

అక్కడా కాకపోతే నేల పలక లేపాల్సిందే. హీటింగ్ ఆపి పైపులు చల్లబడనివ్వండి. కింద అడ్డ దూలాల్లో గాట్లు కోసి పైపులు కూర్చోబెట్టి ఉంటారు, పైనుంచి పలక నొక్కుతూ ఉంటుంది. పైపును కొద్దిగా ఎత్తి గాటులో అడుగునా పక్కలా ఫెల్ట్ (దళసరి ఉన్ని బట్ట) ముక్క దూర్చండి. రెండు పైపులు ఒకదానికొకటి తగులుతుంటే మధ్యన ఫోమ్ తొడుగు వేయండి. జాగా చాలకపోతే గాటును పక్కలకు 4, 5 మిల్లీమీటర్లు వెడల్పు చేయండి, లోతు చేయకండి. గాటు లోతు దూలం ఎత్తులో ఎనిమిదో వంతు దాటకూడదు, అంటే 200 మిల్లీమీటర్ల దూలానికి 25. అదీ దూలం చివరల వైపే గానీ నడుమ కాదు. పాతకాలం ప్లంబర్లు ఇదేదీ పట్టించుకోలేదు, వాళ్లు కోసినదాన్ని మీరు ఇంకా లోతు చేయకండి. ఫోమ్ స్ప్రే కొట్టి పైపును బిగించేయడం ఇంకా పెద్ద తప్పు. పైపు అటూ ఇటూ కదలాలి, అందుకే ఈ తిప్పలన్నీ.

పలక తిరిగి వేసేటప్పుడు మేకులు కొట్టకండి, పైపుకు దూరంగా స్క్రూలు బిగించి, పైపు ఎటు పోతుందో పలక మీద పెన్సిల్‌తో గీత గీయండి. మేకు పైపులో దిగినా ఒక్కోసారి వెంటనే తెలియదు, ఆ కన్నాన్ని మేకే మూసి ఉంచుతుంది. అది తుప్పు పట్టాకే కింద గది సీలింగ్ మీద మరక కనబడేది.