నోటీసుకు జవాబు రాశాకే కోర్టు మెట్లెక్కు

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

ఆ మున్సిపల్ కౌన్సిలర్ల కేసు నువ్వే తీసుకున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పులు పెరిగాయని కౌన్సిల్‌ను రద్దు చేసి స్పెషల్ ఆఫీసర్‌ను కూర్చోబెడతారట కదా. వినగానే ఛాతీ ఉబ్బింది. రాత్రయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది.

వకాలత్, కౌన్సిల్ తీర్మానం, ఆడిట్ రిపోర్టుల సంగతి నీకు చెప్పక్కర్లేదు.

నువ్వు పంపిన అమెరికాలోని మిచిగన్ కేసు చదివాను. అప్పుల్లో పడ్డ ఊళ్ల మీద రాష్ట్రం తన మనిషిని కూర్చోబెట్టే ఎమర్జెన్సీ మేనేజర్ చట్టాన్ని 2012 నవంబరులో అక్కడి జనం ఓటేసి కొట్టేస్తే, డిసెంబరులోనే అలాంటిదే ఇంకో చట్టం తెచ్చారు. మా ఓటుకు విలువ లేకుండా పోయిందని వాళ్లు కోర్టుకెళితే 2016లో అప్పీలు కోర్టు కూడా ఒప్పుకోలేదు. ఓడిపోయిన వాదన మోసుకుని నేలపాడు హైకోర్టు దాకా ఎందుకమ్మా? మన రాజ్యాంగంలోనే 243యు అధికరణ ఉంది. రద్దు చేసే ముందు మున్సిపాలిటీ చెప్పేది వినాలి, రద్దు చేస్తే ఆరు నెలల్లోపు ఎన్నికలు పెట్టాలి. (పంచాయతీల 243ఇలో ఆ 'వినాలి' అన్న మాట లేదు. రేపు ఏ సర్పంచో వస్తే రెండూ ఒకటే అనుకునేవు!)

ఆ 'వినాలి' దగ్గరే నేను బోల్తా పడ్డాను. అప్పుడు నాకు నలభై ఏళ్లు. ఇలాంటి కేసులోనే ఒక చైర్మన్, కౌన్సిల్‌ను ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమన్న షోకాజ్ నోటీసు నలిపి పట్టుకుని వచ్చాడు. "మనల్ని అడగడానికి వీళ్లెవరు సార్?" అన్నాడు. నా తలనిండా ఎస్.ఎల్. కపూర్ తీర్పే. 1980లో న్యూఢిల్లీ మున్సిపల్ కమిటీని రద్దు చేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు, మన తెలుగాయన జస్టిస్ చిన్నపరెడ్డి గారు రాసింది. చెప్పుకునే అవకాశం ఇవ్వకపోవడమే నష్టం, వేరే నష్టం చూపించక్కర్లేదని అందులో ఉంది. అది చేతిలో ఉందని జవాబు రాయొద్దన్నాను. కోర్టులో చూసుకుందామన్నాను.

అప్పుడు హైకోర్టు హైదరాబాద్‌లోనే. జడ్జిగారు ఒక్కటే అడిగారు. "నోటీసు ఇచ్చారు, మీరు జవాబివ్వలేదు. వినలేదని ఎట్లా అంటారు?" నోరు పెగల్లేదు తల్లీ. కపూర్ కేసులో వాళ్లను అసలు అడగలేదు. నా వాళ్లను అడిగారు, నేనే నోరు మూయించాను.

జవాబు లేకపోతే అది వేరు. జవాబు నా సంచిలోనే ఉంది. అకౌంటెంట్, పాపం రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఒక పేజీ లెక్క రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ల మీద వసూలైన ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో మున్సిపాలిటీ వాటా ఎన్నాళ్లుగా రాలేదో అందులో ఉంది. అది వచ్చుంటే పారిశుధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు చాలావరకు తీరిపోయేవి. బాకీ పడ్డవాళ్లే దివాలా అంటున్నారని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? తీసి చూపించబోతే, నోటీసుకు జవాబులో చెప్పాల్సింది ఇప్పుడా అన్నారు. తిరుగు ప్రయాణంలో వెంకటాద్రిలో చైర్మన్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రేణిగుంట దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే ముందు జవాబు. ఆ జవాబులో రాష్ట్రం నుంచి రావాల్సిన ప్రతి రూపాయి లెక్క ఉండాలి. రెండో కాపీ మీద అందినట్టు తేదీతో సహా ముద్ర వేయించుకో. వాట్సాప్‌లో పంపాను మామయ్యా అన్నావంటే నీ చెవి మెలేస్తాను.

కౌన్సిల్ గడువు ఇంకెన్ని నెలలుందో కూడా చూడు. కపూర్ కేసులో తప్పు జరిగిందన్న సుప్రీంకోర్టే, గడువు దగ్గరపడిందని వాళ్లను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టలేదు. తీర్పు వచ్చేదాకా రద్దును ఆపమని మధ్యంతర ఉత్తర్వు మొదటి రోజే అడుగు.

విజయవాడకు రాత్రి బస్సులో వెళ్లేట్టయితే ముందు సీటు చూసుకో. ఫైలు పైన పెట్టకు, ఒళ్లో పెట్టుకో. దిగగానే ఫోన్ చెయ్యి, ఎంత తెల్లవారుజామైనా సరే, నేను మేలుకునే ఉంటాను. మీ అత్త నిన్ను ఆదివారం సంగటి తినడానికి రమ్మంటోంది. అకౌంటెంట్ రాసిచ్చిన ఆ పేజీ ఇంకా నా బీరువాలోనే ఉంది, చూపిస్తాను.

నీ నోటీసు మీద తేదీ ఎంతుందో మాత్రం ఈ ఉత్తరం చదవగానే చెప్పు.

మీ మామయ్య,
చిత్తూరు