చిక్కుడు పూయాలంటే చీకటి కావాలి

పెరటి ప్రశ్నలు: ఈ నెల చిక్కుడు, బీన్స్, గోరుచిక్కుడు

పోయిన సంచికలో తొలకరి విత్తనాల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిక్కుడు గురించే. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: అమ్మా, ఫిబ్రవరిలో చిక్కుడు గింజలు పెట్టాను. ఆగస్టు వచ్చింది. పందిరంతా ఆకు కమ్మేసింది కానీ ఒక్క పువ్వు లేదు. పీకేసి ఇంకేదైనా పెట్టమంటున్నారు మా ఇంట్లో. పూతకు ఏం మందు కొట్టాలి? (రాజమండ్రి పాఠకురాలు)

జవాబు: పీకించకండమ్మా. మందూ కొట్టకండి. మీ పాదుకు ఏ జబ్బూ లేదు, దాని రోజులు ఇంకా రాలేదు.

మన పాదు చిక్కుడు రాత్రి పొడుగును బట్టి పూస్తుంది. మన ప్రాంతంలో జూన్ 21 నాటికి పగలు సుమారు 13 గంటలు ఉంటుంది. డిసెంబరు చివరికి 11 గంటలకు తగ్గుతుంది. పగలు తగ్గి రాత్రి పెరిగాకే ఈ జాతి మొగ్గ తొడుగుతుంది. మీరు ఫిబ్రవరిలో పెట్టినా, నేను జూలైలో పెట్టినా, ఇద్దరి పాదులూ దాదాపు ఒకేసారి, దసరా దాటాక పూతకొస్తాయి. తేడా ఏమిటంటే మీరు ఐదు నెలలు అదనంగా నీళ్లు పోశారు. మా అత్తగారు మృగశిర కార్తె వెళ్లి నేల బాగా తడిశాక గింజ పెట్టేవారు. ఎందుకని అడిగితే "ముందు పెడితే ఆకే తింటావు" అనేవారు. కారణం నాకు చాలా ఏళ్ల తర్వాత, అదీ ఒక వీధి దీపం వల్ల తెలిసింది.

మా తెనాలి ఇంటి ప్రహరీ మీదకు ప్రతి ఏడూ చిక్కుడు పాకిస్తాను. ఒక ఏడు వేసవిలో మా గోడ పక్కనే కొత్త దీపం స్తంభం వేశారు, తెల్లని వెలుగు, తెల్లవార్లూ వెలిగేది. ఆ కార్తికంలో పాదు రెండు ముక్కలైనట్టు కనిపించింది. గోడకు లోపలివైపు, జామచెట్టు నీడలో ఉన్న కొమ్మలు గెలలు గెలలుగా పూశాయి. దీపం వెలుగు పడే వైపు తీగ మాత్రం మెరిసే ఆకులతో అలాగే ఉండిపోయింది. ఒకే మొదలు, ఒకే నీళ్లు, ఒకే ఎరువు. దీపం వైపు పాత దుప్పటి ఒకటి కట్టాను. సాయంత్రం ఆరింటికి దించేదాన్ని, పొద్దున ఎత్తేదాన్ని. మూడు నాలుగు వారాలకు ఆ వైపూ మొగ్గ కనిపించింది. బెంగళూరు చుట్టుపక్కల చామంతి రైతులు రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగించి పూత వెనక్కి జరుపుతారు. నా పెరట్లో జరిగిందీ అదే, కాకపోతే నేను కోరుకోకుండా జరిగింది. అందుకే మీ డాబా లైటు గానీ వీధి లైటు గానీ పందిరి మీద పడుతోందేమో ముందు చూడండి.

రెండో సంగతి ఎరువు. ఉత్తరం చివర్లో "నెలకోసారి యూరియా వేస్తున్నా" అని రాశారు. ఆపేయండి. చిక్కుడు వేళ్ల మీద బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. ఒక బుడిపెను గోటితో చిదిమి చూడండి, లోపల గులాబీ రంగు ఉంటే అది పని చేస్తోందని అర్థం. పైనుంచి యూరియా పోస్తే ఆ బుడిపెలు మందగిస్తాయి, తీగ ఆకు మీదకే పోతుంది. మొదట్లో తట్టెడు చివికిన పశువుల ఎరువు వేసుంటే చాలు.

ఇప్పుడు చేయాల్సింది: ముదురు తీగలను మూడో వంతు కత్తిరించండి. గాలీ వెలుతురూ లోపలికి పోతాయి, అక్టోబరులో పక్క కొమ్మల మీద పూత బాగా పడుతుంది. పూత మీద ఉన్నప్పుడు నేల పూర్తిగా ఎండనివ్వకండి. సంక్రాంతికి కూర, రథసప్తమికి రథం, పరమాన్నం వడ్డించడానికి ఆకులు, అన్నీ మీ పందిరి నుంచే వస్తాయి. కొబ్బరి పుల్లలు గుచ్చి చిక్కుడుకాయలతో రథం చేయడానికి లేత కాయ వంగిపోతుంది, కొంచెం గట్టిపడిన కాయలు నాలుగు విడిగా వదిలి పెట్టండి.

ఏడాదిలో ఎప్పుడైనా కాయ కావాలనుకునేవారు కణుపు చిక్కుడు పెట్టుకోవాలి. నడుము ఎత్తు లోపే ఉండే పొద, పందిరి అక్కర్లేదు, రాత్రి పొడుగుతో పట్టింపు లేదు. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క జయ్, అర్క విజయ్ ఈ తరహావి. రెండున్నర నెలలకు కోతకొస్తాయి. నిజం చెప్పాలంటే రుచిలో పందిరి చిక్కుడుకే నా ఓటు. కణుపు చిక్కుడు మాత్రం కుండీలో కూడా కాస్తుంది, అద్దె ఇంట్లో ఉన్నవారికి అంతకంటే మంచిది లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మేడ మీద గ్రోబ్యాగుల్లో బీన్స్ పెట్టాను ఆంటీ. ఏప్రిల్‌లో పూత బాగానే వచ్చింది. మొత్తం రాలిపోయింది. కుండీ చిన్నదైందా? (కూకట్‌పల్లి పాఠకుడు)

జవాబు: కుండీ తప్పు కాదు బాబూ, నెల తప్పు. బీన్స్ చల్లని వాతావరణం పంట. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడుతుంది, పువ్వు పిందె కాకుండానే రాలుతుంది. మీ మేడ మీద సిమెంటు వేడి కూడా కలుస్తుంది కదా. అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు చివరిదాకా గింజ పెట్టండి, యాభై రోజులకల్లా మొదటి కోత. పొద రకం కావాలంటే అర్క కోమల్ నమ్మదగ్గది. కర్రకు పాకించాలంటే కెంటకీ వండర్. అడుగు లోతు బ్యాగులో రెండు మొక్కలు మించొద్దు.

గింజ రాత్రంతా నానబెట్టకండి. చాలామంది అలా చెబుతారు గానీ బీన్స్ గింజ ఒక్కసారిగా నీళ్లు పీల్చి పగులుతుంది, కుళ్లుతుంది. తడిపిన మట్టిలో అంగుళం లోతున పెట్టి, మొలక కనబడేదాకా మళ్లీ నీళ్లు పోయకండి. వేసవిలో ఆ బ్యాగులు ఖాళీగా ఉంచొద్దు. ఫిబ్రవరిలో గోరుచిక్కుడు గానీ అలసందలు గానీ పెట్టండి. ఎండను ఆ రెండూ తట్టుకుంటాయి.

ప్రశ్న: మా అనంతపురంలో మటిక్కాయలు అంటాం. మా పెరట్లోవి పీచుగా ఉంటున్నాయి. రకం మార్చాలా? (అనంతపురం పాఠకురాలు)

జవాబు: రోజు మార్చండి చాలు. గోరుచిక్కుడు (తెలంగాణలో గోకరకాయ) రోజు విడిచి రోజు కోయాలి. ఆదివారం ఆదివారం కోస్తామంటే పీచే వస్తుంది. కొత్తగా గింజ కొనేటప్పుడు పూసా నవబహార్ అడగండి, కూరకు పనికొచ్చే రకం. జిగురు కోసం పొలాల్లో వేసే రకాలు కూరకు పనికిరావు, దుకాణంలో ఆ సంగతి అడిగి తీసుకోండి.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, విశాఖలో స్థిరపడ్డాం. సంక్రాంతికి పితికిన పప్పు చేసుకోవాలని అనపకాయలు అడిగితే ఇక్కడివాళ్లు సొరకాయ చేతిలో పెడుతున్నారు! పెరట్లో పండించుకోవచ్చా? (విశాఖపట్నం పాఠకుడు, వయసు 71)

జవాబు: అన్నయ్యగారూ, మీ బాధ నాకు బాగా తెలుసు. మా చిన్నాన్నగారింటి కోడలు మదనపల్లె అమ్మాయి. పెళ్లైన కొత్తలో ఆమె "అనపకాయలు తెప్పించండి" అంటే మా వాళ్లు సంచీ నిండా సొరకాయలు తెచ్చారు. ఉత్తరాంధ్రలో, గోదావరి వైపు ఆనపకాయ అంటే సొరకాయ. రాయలసీమలో అనపకాయ అంటే గింజ కోసం పండించే చిక్కుడు. ఎండిన ఆ గింజలనే చాలాచోట్ల అనుములంటారు. పచ్చి గింజల పొట్టు పితికి తీసి వండేదే పితికిన పప్పు.

తప్పకుండా పండించుకోవచ్చు. నాటు రకం ఇదీ రాత్రి పెరిగాకే పూస్తుంది కాబట్టి ఆగస్టులో పెట్టండి, డిసెంబరు చివరికి కాయ అందుతుంది. గింజ ఊరి నుంచే తెప్పించుకోండి. కారణం వాసన. మంచి అనపకాయను చేత్తో నలిపితే జిడ్డుగా అంటుకుంటుంది, ఆ జిడ్డులోనే ఆ ఘుమఘుమ ఉంటుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి హెచ్‌ఏ-3, హెచ్‌ఏ-4 రకాలు ఏ కాలంలోనైనా కాస్తాయి, పొట్టి మొక్కలు. పక్కన ఓ నాలుగు పెట్టి చూడండి. పితికిన పప్పుకు మాత్రం మీ ఊరి గింజే. ఒక్కపూట పప్పుకు కాయలు చాలా కావాలి, గుప్పెడు గింజ కోసం తట్టెడు ఒలవాలి. నాలుగు మొక్కలతో ఆగిపోకండి. నలభై పెట్టండి, ఖాళీ స్థలం ఉందని రాశారు కదా.

ప్రశ్న: పోయిన చలికాలం చిక్కుడు కొసలనిండా నల్లగా పేను పట్టి పూత మాడిపోయింది. ఈసారి ముందే ఏం చేయాలి? (వరంగల్ పాఠకురాలు)

జవాబు: అది పేనుబంక. మబ్బు పట్టిన చలి రోజుల్లో నాలుగు రోజుల్లోనే పందిరంతా పాకుతుంది. ముందు చీమల దారి చూడండి. చీమలు వరసకట్టి తీగ ఎక్కుతున్నాయంటే పైన పేను చేరిందన్నమాట, దాని తీపి స్రావం కోసమే అవి పోతాయి. మొదటి కొసలు దొరకగానే తుంచి సబ్బు నీళ్లలో వేయండి. మిగిలినవాటిని పైపు నీళ్ల ధాటికి కడగండి. అప్పటికీ ఆగకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి.

ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగు కనబడితే మాత్రం మందు ఆపేయండి. పెద్దదీ తింటుంది, దాని పిల్లా తింటుంది. పిల్ల ముదురు బూడిదరంగులో, చిన్న మొసలి ఆకారంలో ఉంటుంది. దాన్నే చీడ అనుకుని చంపేస్తుంటారు చాలామంది. దయచేసి చంపకండి.

ప్రశ్న: తమ్మకాయల గింజలు ఉడకబెట్టి తినవచ్చా? (నల్గొండ)

జవాబు: వద్దు. తమ్మకాయ (కత్తిలా పొడుగ్గా, వెడల్పుగా ఉండే చిక్కుడు జాతి కాయ) గింజ గట్టిపడకముందు, లేతగా ఉన్నప్పుడే కూరకు. ముదిరిన గింజలో విషపదార్థాలుంటాయి. పిల్లలకు అందనివ్వకండి.

ప్రశ్న: పెద్దమ్మా, మేము న్యూజెర్సీలో ఉంటాం. అమ్మ ఇచ్చిన చిక్కుడు గింజలు మే నెలలో పెడితే తీగ గ్యారేజీ ఎక్కింది. పూత అక్టోబరులో వచ్చింది, వారానికే మంచు పడి నల్లబడిపోయింది. రెండేళ్లుగా ఇదే. ఏడుపొచ్చింది. (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాజమండ్రి జవాబు నీకూ వర్తిస్తుంది, కాకపోతే మీ దగ్గర కష్టం ఎక్కువ. జూన్‌లో మీకు పగలు 15 గంటలు. అది 12 గంటల కిందకు దిగేసరికి సెప్టెంబరు ఆఖరు. మొగ్గ వేసి కాయ అయ్యేలోపు మంచు వచ్చేస్తుంది. ఏప్రిల్‌లోనే ఇంట్లో నారు పోసినా లాభం లేదు, ఎందుకంటే మొక్క వయసు కాదు అడ్డం, రాత్రి పొడుగు.

దారులు రెండు. కణుపు చిక్కుడు రకం గానీ, అక్కడి నర్సరీల్లో అందం కోసం అమ్మే ఊదా చిక్కుడు గానీ పెట్టు. ఊదా రంగు తీగ మీ దగ్గర వేసవిలోనే పూస్తుంది. లేత కాయలే కోసి బాగా ఉడికించు, గింజ కొనేటప్పుడు మందు పూసినది కాకుండా చూసుకో. రెండోది, అమ్మ గింజే కావాలనుకుంటే పెద్ద తొట్టిలో పెట్టి, పొట్టిగా కత్తిరిస్తూ పెంచు. ఆగస్టు మొదటి వారం నుంచి సాయంత్రం ఆరింటికి చీకటి గ్యారేజీలోకి జరిపి, పొద్దున ఎనిమిదింటికి బయట పెట్టు. చక్రాల పీట ఉంటే సులువు. మొగ్గ స్పష్టంగా కనబడేదాకా, మూడు నాలుగు వారాలు, ఒక్క రాత్రీ లైటు పడనివ్వకు. నా దుప్పటి పనే ఇది.

ఇంకోటి కాస్త గట్టిగా చెబుతున్నా, నొచ్చుకోకు. వచ్చే ఏడు ఇండియా నుంచి చీర మడతల్లో గింజలు పెట్టుకుని వెళ్లొద్దు. ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే విత్తనం అమెరికాలోకి తీసుకెళ్లకూడదు. చీడలు, తెగుళ్లు గింజతో పాటే ప్రయాణం చేస్తాయి. అక్కడే దొరికే రకం తెచ్చుకుని, దాని గింజ నువ్వే దాచుకో.

ప్రశ్న: కొన్న గింజలు ఏటా మారిపోతున్నాయి. సొంత గింజ దాచడం ఎలా? ఎన్నిసార్లు దాచినా పుచ్చిపోతోంది. (మచిలీపట్నం పాఠకురాలు)

జవాబు: పందిరి మీద అన్నిటికంటే బాగా కాసిన తీగను మొదట్లోనే గుర్తుపెట్టుకోండి, ఎర్ర దారం కట్టండి. ఆ తీగ మీద మధ్యకాలంలో వచ్చిన కాయలు కూరకు ముట్టుకోవద్దు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, మంచి కాయలన్నీ వండేసి చివర్లో మిగిలిన వంకర కాయల గింజ దాస్తారు. చిక్కుడు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది, అయినా తేనెటీగలు కొంత కలుపుతాయి. తెల్లదీ ఊదాదీ రెండూ ఉంటే వేరు వేరు మూలల్లో పెట్టండి.

కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. ఒలిచాక నాలుగైదు రోజులు నీడలో, తర్వాత ఒక పూట ఎండలో ఉంచండి. పంటితో కొరికితే గింజ నలగకుండా పగలాలి. మా అత్తగారు కచ్చిక బూడిదలో కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టేవారు. నేను బాగా ఎండిన గింజను గాలి చొరబడని డబ్బాలో పోసి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతాను. అప్పటికే పెట్టి ఉన్న పుచ్చు పురుగు గుడ్లు అక్కడే పోతాయి. బయటికి తీశాక డబ్బా వెంటనే తెరవద్దు, చల్లదనం పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రాత్రి ఆగండి. లేకపోతే గింజకు చెమ్మ పడుతుంది. డబ్బా మీద రకం పేరు, ఏడాది రాయండి. నా దగ్గర ఇప్పుడు మా అత్తగారి తెల్ల చిక్కుడు గింజ ఒక హార్లిక్స్ సీసాలో ఉంది. సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు పత్రిక ఆఫీసుకు పంపినవారికి, సీసా అడుగంటేదాకా, పది గింజల చొప్పున పంపుతాను. మచిలీపట్నం పాఠకురాలికి మొదటి కవరు.