ఐస్‌క్రీమ్ సీజన్‌కి పాలపొడి కొనేటప్పుడు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

మార్చికల్లా ఐస్‌క్రీమ్ యూనిట్ నడవాలంటే పాలపొడి సంగతి చలికాలంలోనే తేల్చుకో. ఎండలు ముదిరాక వెతుక్కుంటే డీలరు చెప్పిందే ధర. చలికాలంలో పాల దిగుబడి ఎక్కువ. అమ్మగా మిగిలిన పాలను డెయిరీలు పొడి చేసి నిల్వ పెడతాయి. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య నీ అవసరంలో సగం రెండు విడతలుగా కొను. మొత్తం ఒకేసారి మాత్రం వద్దు. 2023 మొదట్లో కిలో 300 దాటిన వెన్న తీసిన పాలపొడి, 2024 మధ్యకి మహారాష్ట్రలో 200-210కి పడిపోయింది. అలాంటి ఏడాది గోడౌన్ నిండా సరుకున్నవాడు కోలుకోలేడు.

పొడి ధర కన్నా ముందు పాల సేకరణ ధర కదులుతుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల ఆవుపాల రేటు మీద కన్నేసి ఉంచు. కిలో పొడికి వెన్న తీసిన పాలు దాదాపు 11 లీటర్లు పడతాయి. అవే పాల నుంచి డెయిరీకి వెన్న, పొడి రెండూ వస్తాయి గనుక వెన్న ధర కదలకుండా పాలు లీటరుకు రూపాయి పెరిగితే ఆ బరువంతా పొడి మీదే, కిలోకి పది రూపాయల పైమాటే. పాలపొడి బాగా ఎగుమతి చేసే న్యూజిలాండ్‌లో ధర తగ్గిందని ఎదురుచూడకు, మన దిగుమతి సుంకం 60 శాతం. అక్కడ పెరిగితే మాత్రం మన సరుకు ఎగుమతికి పోయి ఇక్కడ కరువవుతుంది.

కొటేషన్ అడిగేటప్పుడు లారీ కిరాయి, దింపుడు కూలీ కలిపి నీ గుమ్మం దాకా ఎంతో చెప్పమను. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ, నువ్వు కట్టాల్సిన పన్నులో ఇన్‌పుట్ కింద తిరిగొస్తుంది గనుక పోల్చేటప్పుడు పక్కన పెట్టు. తేమ మాత్రం తప్పక అడుగు. 5 శాతం తేమున్న పొడి 220కి ఇస్తే, తేమ తీసేసిన అసలు సరుకు కిలో 231.60 పడుతుంది. 3 శాతం తేమున్నది 223 అన్నా 229.90కే వస్తుంది. చౌకగా కనిపించిందే ఖరీదు!

ధర మరీ తక్కువంటే వే పౌడరో (పాలు విరిచాక మిగిలే నీటి పొడి), మాల్టోడెక్స్‌ట్రినో (పిండి పదార్థంతో చేసే పొడి) కలిసిందేమో అనుమానించు. ఎస్‌ఎన్‌ఎఫ్‌లో, అంటే పాలలో వెన్న, నీరు పోగా మిగిలే ఘనపదార్థంలో, ప్రొటీన్ 34 శాతానికి తగ్గకూడదు, ల్యాబ్ రిపోర్టు మీద బ్యాచ్ నంబరు, బస్తా మీది నంబరు ఒకటేనా చూడు. వే ఎక్కువైతే అందులోని లాక్టోజ్ అనే పాల చక్కెర పలుకులు కట్టి ఐస్‌క్రీమ్ నాలుకకు ఇసుకలా తగులుతుంది.

25 కిలోల బస్తాలు చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంగా పేర్చు. విప్పిన బస్తాలో లోపలి ప్లాస్టిక్ సంచిని వెంటనే బిగించి కట్టు. మన కోస్తా గాలికి పొడి తేమ పీల్చి గడ్డకడుతుంది, తర్వాత రంగు మారి నీళ్లలో కరగదు.

కొటేషన్లు రాగానే తేమ శాతంతో సహా పంపు, లెక్క నేను చూస్తాను.

నీ మామయ్య